జ్వరం తగ్గిన రోజు

నడిగూడెంలో బస్సు దిగేసరికి ఉదయం ఎనిమిదిన్నర. సన్నని వాన పడుతోంది. భుజాన పాత కిట్ బ్యాగు. గొడుగు లేదు. ఇరవై ఏళ్లకు పైగా సైన్యంలో ఉన్నాను, గొడుగు పట్టుకోవడం ఎప్పుడూ అలవాటు కాలేదు. నడిచేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలని మాకు మొదట్లోనే నేర్పుతారు.

సైన్యంలో నేను తుపాకీ కంటే సెలైన్ సీసాలే ఎక్కువ మోశాను. వైద్య విభాగంలో నర్సింగ్ అసిస్టెంటుని. హవల్దారుగా రిటైరయ్యాను. మా ఊరు మునగాల దగ్గరే. ఇంటికొచ్చాక హైవే మీద దాబా పెట్టమన్నారు కొందరు. సెక్యూరిటీ ఉద్యోగం ఇప్పిస్తామన్నారు ఇంకొందరు. ఈలోగా కబురొచ్చింది. వానాకాలం జ్వరాల మీద పనిచేసే బృందానికి అనుభవమున్న మనిషి కావాలట. వానలు మొదలైనప్పటి నుంచి చలి పడేదాకా కాంట్రాక్టు పని. మా సైనికుల లెక్కలో అదీ ఒక టూరే, ఒక చోట గడిపే డ్యూటీ కాలం. సరిహద్దుల్లో చేసిన టూర్ల గురించి ఊళ్లో అందరూ అడుగుతారు. ఇంటికి ఇరవై కిలోమీటర్లలో చేసిన ఈ టూరు గురించి ఎవరూ అడగలేదు. అందుకే చెబుతున్నాను.

ఆరోగ్య కేంద్రం ఊరు దాటాక రోడ్డు పక్కనే ఉంది. మూడు గదులు, ఒక వరండా. వెనక వరి మళ్లు. ఇంకా వెనక సాగర్ కాలువ కట్ట. వరండాలో ఒక యువతి చెప్పులు విప్పి, చీర అంచు పిండుకుంటోంది. రోగి అనుకున్నాను. ఆమే డాక్టరు. కోదాడ అమ్మాయి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

"హవల్దారు గారేనా? రండి. టీ తాగారా?"

"తాగిన మేడం."

"అయితే ముందు మన దగ్గరేమున్నాయో చూడండి. టీ మళ్లీ తాగుదాం."

ఆ మాటతోనే నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. కొత్త పోస్టుకు వెళ్లినవాడు ముందు చూడాల్సింది సామాను. అలమారా తెరిచింది. జ్వరం మాత్రలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, సెలైన్ సీసాలు, సూదులు. డెంగీ పరీక్ష కిట్లు. రెండు బీపీ మిషన్లు. మూలన పొగ మిషన్, పక్కన డ్రమ్ముల్లో వేసే మందు. గడువు తేదీలన్నీ చూశాను. ఒక్కటీ దాటలేదు. బీపీ మిషన్లలో ఒకదాని గాలి బుడ్డ పగిలి ఉంది. మర్నాడే కోదాడ నుంచి కొత్తది తెప్పించింది.

బృందం చిన్నది. దోమల మందు కొట్టే యాదగిరి. జీపు నడిపేదీ అతనే. కొత్తగా చేరిన నర్సమ్మ, సూర్యాపేట పిల్ల, మాట నెమ్మది. ఊరూరికీ ఒక ఆశా కార్యకర్త. అందరూ నన్ను మిలట్రీ సార్ అన్నారు. చివరిదాకా అదే పేరు.

మొదటి మీటింగులోనే నేను ఉత్సాహంగా ఒక మాటన్నాను. ఈశాన్యం అడవుల్లో ఉన్నప్పుడు పొద్దు గుంకగానే చొక్కా చేతులు కిందికి దించి గుండీలు పెట్టాలని ఆర్డర్ ఉండేది. పెట్టనివాడికి శిక్ష. ఇక్కడా అలాగే సాయంత్రం ఆరు నుంచి కాపలా పెడదామన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. "అది మలేరియా దోమండి, దానిది నైట్ డ్యూటీ. మనం పట్టాల్సింది పగలు కుట్టేది. పొద్దున్నే మొదలుపెట్టి చీకటి పడేదాకా కుడుతుంది. అదీ మురుగులో పుట్టదు. మనం తాగే మంచినీళ్లలో, ఇంట్లోనే పుడుతుంది."

శత్రువు వేరు, పొంచి ఉండే చోటు వేరు, డ్యూటీ గంటలు వేరు. ఆ సాయంత్రమే మా పని వేళలు మార్చుకున్నాం. ఉదయం ఆరున్నరకు మొదలు. ప్రతి ఇంట్లో నీళ్లు నిల్వ ఉండే ప్రతి పాత్రా చూడటం. వారానికొకసారి అన్నీ వంచేసి, రుద్ది కడిగి, ఎండబెట్టించడం. పొగ మిషన్ చివరి ఆయుధం. యాదగిరికి అది నచ్చలేదు.

"పొగ కొడితేనే జనం ఏదో పని చేస్తున్నరంటరు సార్. డ్రమ్ములల్ల తలకాయ వెట్టి సూస్తే ఎవలు లెక్కజేస్తరు?"

"లెక్కజేయకపోతె చెయ్యకపోనీ. దోమలు తగ్గుతే సాలు," అన్నాను.

సైన్యం నుంచి నేను తెచ్చిన పనికొచ్చే వస్తువు ఒకటే. కసరత్తు. ఏ పనైనా అవసరం పడకముందే చేతులకు అలవాటు చేయడం. సోమవారం సోమవారం అందరినీ కూర్చోబెట్టి డాక్టరమ్మ ఒక రోగి కథ చెప్పేది. ఎవరో ఒకరు లేచి ఏం చేస్తారో చేసి చూపాలి. చెబితే చాలదు.

మొదటి సోమవారం ఆమె అడిగిన కథ నాకు బాగా గుర్తు.

"ఐదో రోజు. జ్వరం తగ్గింది. ఒళ్లు చల్లగా ఉంది. కడుపులో నొప్పంటోంది. రెండుసార్లు వాంతైంది. మీ దగ్గరికి తీసుకొచ్చారు. ఏం చేస్తారు?"

నర్సమ్మ లేచింది. "జరం తగ్గింది గద మేడం. గ్యాస్ అయ్యుంటది. మాత్రిచ్చి ఇంటికి పంపిస్త."

డాక్టరమ్మ కోప్పడలేదు. "అలా పంపిస్తే రేపటికి ఆమె ఉండదు," అంది.



ఆమె ఒక పాత రబ్బరు గొట్టానికి సూదితో సన్నని బెజ్జాలు చేసి, నీళ్లు పోసి చూపించింది. డెంగీలో జ్వరం తగ్గుతున్నప్పుడే రక్తనాళాలు ఇలా కారడం మొదలుపెడతాయి. నాళంలో ఉండాల్సిన నీరు బయటికి పోతుంది. పై బీపీకీ కింది బీపీకీ మధ్య దూరం తగ్గుతుంది. చేతులు చల్లబడతాయి. మనిషి మాత్రం మాట్లాడుతూనే ఉంటుంది, బాగానే ఉన్నానంటుంది. చాలామందికి జ్వరం తగ్గితే జబ్బు పోయినట్టే. కొందరికి అసలు జబ్బు అప్పుడే మొదలవుతుంది. ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయని అందరూ అడుగుతారు, మీరు మాత్రం ముందు బీపీ చూడండి, చేతులు పట్టుకుని చూడండి అని చెప్పింది.

ఊళ్లో చెప్పడానికి దాన్ని నాలుగు మాటలు చేశాం. కడుపునొప్పి, కక్కుడు, రక్తం, మగత. జ్వరం తగ్గాక ఈ నాలుగింట్లో ఏది కనిపించినా ఫోన్ చేయాలి. గుళికలు మింగి పడుకోకూడదు, నొప్పి సూది వేయించుకోకూడదు.

ఆ నాలుగు మాటలను అందరికంటే బాగా పట్టుకున్నది సోని. వాగు అవతల తండాలో ఆశా కార్యకర్త. ఇంటర్ దాకా చదివింది. సన్నగా, చురుగ్గా ఉండేది. ఎప్పుడూ టార్చిలైటు ఆమె చేతిలోనే. మొదటిసారి వాళ్ల తండాకు వెళ్లినప్పుడు ఉదయం ఏడింటికే ఆడవాళ్లందరినీ ఒక రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టింది. తెలుగులో ఒకసారి చెప్పింది, వాళ్ల భాషలో ఇంకోసారి. తర్వాత అందరిచేతా గట్టిగా అనిపించింది.

వెనక ఒక పెద్దామె మాత్రం అనలేదు. మోచేతుల పైదాకా తెల్లని గాజులు, పాతకాలపు అద్దాల రవిక. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

"జరమొస్తది, జరం పోతది. గా మాత్రం దానికి గింత పంచాయితా?" అంది.

"మా అత్త, సార్. కమిలి," అంది సోని నవ్వుతూ.

"అత్తనే. పొద్దుగాల లేసి ఊరోల్ల డ్రమ్ములల్ల తలకాయలు వెట్టేటందుకేనా నిన్ను కోడలు జేసుకున్న? ఇంట్ల బర్రె మొత్తుకుంటాంది, పో."

ఆడవాళ్లంతా నవ్వారు. సోని ఏమీ అనుకోలేదు. నవ్వు ఆగాక మళ్లీ మొదటి నుంచి చెప్పించింది.

నాట్లు అయిపోయాక తండాల్లో తీజ్ పండగ వచ్చింది. మిర్యాలగూడ బియ్యం మిల్లుల్లో పనిచేసే తండావాళ్లు ఇళ్లకొచ్చారు. పండగ మూడో రోజు సోని ఫోన్ చేసింది.

"సార్, నలుగురికి జరం. ఒళ్లునొప్పులు, కండ్ల ఎనక నొప్పి."

"ఇండ్లు సూసినవా?"

"అన్ని సూసిన. డ్రమ్ములల్ల ఒక్క దోమపురుగు లేదు. నలుగురు ఒక్క మిల్లులనే పని జేస్తరు సార్. జరం ఈడ పుట్టలే. గాడికెల్లి వచ్చింది."

పరీక్ష చేస్తే నలుగురికీ డెంగీయే. నలుగురినీ దోమతెరల కింద ఉంచాం. పగలు కూడా. జ్వరం ఉన్నవాళ్లను కుట్టిన దోమే పక్కింటికి మోస్తుంది. నర్సమ్మ రోజూ వాగు దాటి వెళ్లి బీపీలు చూసొచ్చేది. ఇంటి చుట్టూ పొగ కొట్టమన్నప్పుడు యాదగిరి ముఖం వెలిగిపోయింది. నలుగురూ కోలుకున్నారు.

కానీ ఊట మిర్యాలగూడలో ఉంది. అది వేరే జిల్లా. డాక్టరమ్మ పొద్దంతా ఫోన్ల మీదే ఉంది. సాయంత్రానికి అటువైపు వాళ్లు సరేనన్నారు. రేపు రండి, కలిసి వెళ్దామన్నారు.

మర్నాడు ఆరింటికే బయలుదేరాం. కోదాడ, హుజూర్‌నగర్ మీదుగా. సోనిని కూడా తీసుకెళ్లాం, మిల్లు క్వార్టర్లలో ఆమె చుట్టాలున్నారు. మిర్యాలగూడ ఇంకా రాకముందే ఉడికిన వడ్ల వాసన తగిలింది. రోడ్డుకిరువైపులా గొట్టాలు, ఊక పొగ. గేట్ల ముందు బారులుగా లారీలు. అక్కడి ఆరోగ్య సిబ్బంది ముగ్గురు స్టేషన్ రోడ్డులో కలిశారు.

మిల్లు యజమాని గేటు దగ్గరే ఎదురొచ్చాడు. పెద్దమనిషి, తెల్లచొక్కా. తాతల నాటి వ్యవసాయం, తర్వాత మిల్లు, మధ్యలో రాజకీయం.

"ఈ ముగ్గురంటె మనోళ్లే. మీది సూర్యాపేట జిల్లా గద? ఈడ మీకేం పని?"

"సార్, జరం బస్సెక్కి మా కాడికొచ్చింది. మేం జీపెక్కి మీ కాడికొచ్చినం," అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది గానీ పక్కకు జరగలేదు. "నా మిల్లు సాఫ్ ఉంటది. రోజుకు రెండుసార్లు ఊడిపిస్త. ఎక్కడన్న మోరి నిండిందేమో సూపియ్యి."

ఆయన చెప్పింది నిజమే. కల్లం అద్దంలా ఉంది. నేను ఆయనతో వాదించలేదు. "ఒక్క పది నిమిషాలియ్యుండ్రి సార్. మీ ఆఫీస్ రూంలనే సూస్త," అన్నాను. యాదగిరి కూలర్ వెనక ట్రేలోంచి గరిటెతో నీళ్లు తీసి తెల్లని పళ్లెంలో పోసి బల్ల మీద పెట్టాడు. సన్నని పురుగులు తలకిందులుగా వేలాడుతూ, కదులుతూ, మళ్లీ పైకి లేస్తున్నాయి.

ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "ఇవి దోమలైతయా?"

"వారంల ఎగురుతయి సార్."

"మా మనవరాలు బడి నుంచొచ్చి గీ రూంలనే ఆడుకుంటది."

వెంటనే బయటికొచ్చి హమాలీలను పిలిచాడు. పది నిమిషాల్లో ఇరవై మంది మా వెంట నిలబడ్డారు.

క్వార్టర్లు మిల్లు వెనక. వరసగా రేకుల గదులు. నల్లా రెండు రోజులకోసారి వస్తుందట. అందుకని ప్రతి గది ముందూ రెండేసి నీలం డ్రమ్ములు. మూతలు లేవు. ఒక్కొక్కటీ చూశాం. సగానికి పైగా వాటిలో పురుగులే. గోడవతల లారీ టైర్ల కుప్ప, ప్రతి టైరులో వాననీళ్లు. పొద్దుపోయేదాకా పనిచేశాం. వంచడం, రుద్దడం, మూతలు కట్టడం. టైర్లు ట్రాక్టరుకెత్తించాం.

సోని గది గదికీ తిరిగింది. జ్వరమున్నట్టు తెలిస్తే పనిలోకి రానివ్వరని కొందరు చెప్పకుండా దాచారు. వాళ్ల భాషలో నెమ్మదిగా మాట్లాడి ఇంకో ఇద్దరిని బయటికి తెచ్చింది. వాళ్లలో ఒకామెకు ఏడో నెల. మిర్యాలగూడ బృందం వెంటనే దవాఖానకు తీసుకెళ్లింది. వెళ్లేటప్పుడు తన దోమల క్రీము ట్యూబు ఆమె చేతిలో పెట్టింది సోని. తను మాత్రం సాయంత్రం దాకా ఆ డ్రమ్ముల్లో చేతులు మోచేతుల దాకా ముంచి పనిచేసింది.

మిల్లుకెళ్లొచ్చిన తొమ్మిదో రోజో పదో రోజో సోనికి జ్వరమొచ్చింది.

పరీక్ష చేశాం. డెంగీ. ఆమే నవ్వుతూ, "నా డ్యూటీ నాకే వడ్డది సార్," అంది. తెర కింద పడుకోబెట్టాం. నీళ్లు, మజ్జిగ, గంజి. నర్సమ్మ పొద్దున, సాయంత్రం చూసొచ్చేది. నాలుగు రోజులు అంతా మామూలుగానే గడిచింది.

ఐదో రోజు తెల్లవారే సోని ఫోన్ చేసింది. "జరం పోయింది సార్. ఒళ్లు తేలికైంది. రేపు డ్యూటీకొస్త."

"రేపు గాదు. రెండు రోజులు పండుకో. సిస్టర్ వస్తది," అన్నాను.

ఆ రోజు పొద్దున్నుంచీ కుండపోత. వాగు రోడ్డు మీదికొచ్చింది. నర్సమ్మ దాటలేక వెనక్కి వచ్చింది. మధ్యాహ్నం రెండు దాటాక మళ్లీ సోని నంబరు నుంచి ఫోన్. ఎత్తితే కమిలి గొంతు. ఆమె అంతకుముందెప్పుడూ ఫోన్ చేయలేదు. అరుస్తోంది.

"మిలట్రీ సారూ! జరం పోయింది. కడుపుల నొస్తుందంటది. రెండుసార్లు కక్కింది. లేపుతె కండ్లు తెరుస్తది, మల్ల మూస్తది. మా కోడలు మమ్మల్ని అనుమన్న నాలుగు మాటలల్ల మూడున్నయి. నేను లెక్కవెట్టిన. ఆమెనేమో నాకేం గాలే, పండుకుంట, సార్‌కు చెప్పకు అంటది. నువ్వు రా."

"వస్తున్న. నీళ్లు కొంచెం కొంచెం తాగియ్యి. పడుకోబెట్టు, కాళ్ల కింద దిండు పెట్టు."

నర్సమ్మ అప్పటికే సంచి సర్దుతోంది. ఏం తీసుకోవాలో నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు. సోమవారాలన్నీ ఆమె చేతుల్లో ఉన్నాయి.

డాక్టరమ్మ కోదాడలో మీటింగులో ఉంది. ఫోన్ చేస్తే అంబులెన్సు తీసుకుని నేరుగా వాగు దగ్గరికి వస్తానంది. మేం ముగ్గురం జీపులో వెళ్లాం. వాగు మోకాళ్లు దాటి ఉంది. ఎర్రనీళ్లు. యాదగిరి పొడుగాటి వెదురుతో తడుముతూ ముందు నడిచాడు. తాడు ఈ ఒడ్డున తుమ్మ మొదలుకు కట్టి, అతని నడుముకు కట్టాం. అవతల తండావాళ్లు అందుకున్నారు. నర్సమ్మ మందుల సంచి నెత్తి మీద పెట్టుకుని, తాడు పట్టుకుని దాటింది. ఈత రాదని అవతలికెళ్లాక చెప్పింది.

సోని మంచం మీద ఉంది. నన్ను చూసి లేవబోయింది. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. నర్సమ్మ బీపీ చూసింది. మళ్లీ చూసింది. డాక్టరమ్మకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను.

"అంకెలు చెప్పండి."

"తొంభై, డెబ్బై ఆరు, మేడం."

"చేతులు?"

"సల్లగున్నయ్."

"మాట్లాడుతోందా?"

"పిలిస్తే పలుకుతాంది."

"లైను పెట్టండి. నార్మల్ సెలైన్. ఒక్క సీసా, గంటసేపు. అంతకంటే వేగం వద్దు. తక్కువా వద్దు. పెట్టాక మోసుకొచ్చేయండి."

నరాలు అణిగిపోయి ఉన్నాయి. మొదటి సూది దొరకలేదు. నర్సమ్మ ముఖం పాలిపోయింది. నా వైపు చూసింది. నేను పెట్టగలను, వందలసార్లు పెట్టాను. కానీ ఆ క్షణంలో సూది లాక్కుంటే ఆమె చేయి ఇక ఎప్పుడూ వణుకుతుంది. టార్చిలైటు దగ్గరగా పట్టుకుని, "నిమ్మలంగ, ఇంకో చెయ్యి సూడు," అన్నాను. రెండోసారి గొట్టంలోకి ఎర్రగా రక్తం వచ్చింది. సెలైన్ ఎక్కడం మొదలైంది.

పందిరి గుంజల్లోంచి రెండు వెదుళ్లు లాగించాను. మిల్లు నుంచి తెచ్చుకున్న గోనె సంచులుంటే అడుగు మూలలు కోసి వెదుళ్లకు తొడిగాం. స్ట్రెచర్ తయారు. ఎనిమిది మంది ముందుకొచ్చారు. వాగు దగ్గరికొస్తే నీళ్లు తొడల దాకా పెరిగి ఉన్నాయి.

ఒకప్పుడు అడవిలో ఒక పోస్టులో మలేరియా మెదడుకెక్కిన జవానుని పట్టుకుని, మబ్బులు విడిస్తే హెలికాప్టర్ వస్తుందని కూర్చున్నాం. మబ్బులు విడవలేదు. అతను దక్కలేదు. ఆ వాగు ఒడ్డున నిలబడినప్పుడు ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. ఆగితే గంటలు పోతాయి. దిగితే అందరూ పోతారు.

"దిగొద్దు సార్," అన్నాడు యాదగిరి. "కాలువ కట్ట మీదికెక్కుదాం. తూము కాడ వంతెనుంది. రెండు కిలోమీటర్లు ఎక్కువైతది. గానీ నీళ్లుండవ్."

"నడువు," అన్నాను. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "వాగు దాటలేం మేడం. కాలువ వంతెన కాడికి రాండ్రి."

"వస్తున్నాం."

కట్ట మీద నల్లరేగడి బురద. అడుగు తీస్తే చెప్పు ఉండిపోతోంది. నలుగురు మోస్తుంటే నలుగురు పక్కన నడిచారు. నేను "మారు" అనగానే ఆపకుండా భుజాలు మార్చుకున్నారు. కాలువలో నీళ్లు నిండుగా, కట్టకు కొద్దిగా కింద పారుతున్నాయి. సెలైన్ సీసా నర్సమ్మ పట్టుకుంది. కాసేపటికి ఆమె జారి పడబోయింది. కమిలి వచ్చి, "నాకియ్యి, నువ్వు పిల్లను సూడు," అని సీసా తీసుకుంది. వాన ముఖం మీద కొడుతుంటే పట్టుకుని నడిచింది. ఒక్కసారి కూడా కిందికి దించలేదు.

మధ్యదారిలో సోని కళ్లు తెరిచింది. "యాడీ," అంది. వాళ్ల భాషలో అమ్మ అని. ఆమె తల్లి ఎప్పుడో పోయింది. కమిలి, "ఈడనే ఉన్న బిడ్డా. మాట్లాడకు," అంది.

వంతెన అవతల అంబులెన్సు లైటు తిరుగుతోంది. డాక్టరమ్మ మోకాళ్ల దాకా బురదతో మాకెదురు నడిచొచ్చింది. అక్కడే బీపీ చూసింది.

"వంద. డెబ్బై." ఊపిరి వదిలింది. "దూరం పెరిగింది. ఎక్కించండి."

హైవే మీదికెక్కాక సూర్యాపేట దాకా బండి ఎక్కడా ఆగలేదు. పెద్ద దవాఖానలో మంచం సిద్ధంగా ఉంది. దారిలోనే డాక్టరమ్మ అన్నీ చెప్పి పెట్టింది. అక్కడి డాక్టరు చూసి, పరీక్షలు పంపి, బయటికొచ్చి అడిగాడు.

"ఇంకో గంట ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు. తండాలో లైను ఎవరు పెట్టారు?"

నర్సమ్మ బళ్లో పిల్లలా చెయ్యెత్తింది. చెయ్యి నిండా బురద. ఆయన ఆ చేతిని పట్టుకుని ఊపాడు. ఆమె బయటికెళ్లి, వరండా గోడకు తల ఆనించి ఏడ్చింది. డాక్టరమ్మ వెళ్లి పక్కన నిలబడింది.

రెండు రోజులు భయంగానే గడిచాయి. పొట్టలో నీరు చేరింది, చిగుళ్లలోంచి కొంచెం రక్తం వచ్చింది. మూడో రోజు పొద్దున నేను వెళ్లేసరికి సోని మంచం మీద లేచి కూర్చుని ఉంది. కమిలి ముఖం చిట్లించుకుని ఉంది.

"ఏమైందమ్మా?" అని కంగారుగా అడిగాను.

"జొన్నరొట్టె, పచ్చి మిరపకాయ తొక్కు గావాల్నట. ఈడ యాడికెల్లి తేవాలె?"

నర్సమ్మ, నేను ఒకరినొకరు చూసుకుని నవ్వాం. ఆకలేసిందంటే ఇక భయం లేదు. ఆ మధ్యాహ్నం సూర్యాపేట బస్టాండు దగ్గరంతా వెతికి యాదగిరి రొట్టెలు తెచ్చాడు. తొక్కు మాత్రం డాక్టరు వద్దన్నాడు.

మిల్లు యజమానికి విషయం తెలిసినట్టుంది. నాకు ఫోన్ చేశాడు. "మా కాడ పని చేసినప్పుడే వచ్చిందా ఆ పిల్లకు?" అని అడిగాడు. అవునో కాదో ఎవరూ చెప్పలేరన్నాను. తర్వాత ప్రతి డ్రమ్ముకూ జాలీ మూత చేయించాడని మిర్యాలగూడ బృందం చెప్పింది. క్వార్టర్లకు రోజూ నల్లా కూడా వచ్చేలా పైపు వేయించాడు. అక్కడ ఇక కొత్త జ్వరాలు రాలేదు.

వానలు వెనక్కి తగ్గాయి. వరి పొట్టకొచ్చి, ఈని, పండుబారింది. జ్వరాలు ఇంకా అక్కడొకటి ఇక్కడొకటి వస్తూనే ఉన్నాయి. కానీ మా కసరత్తు ఆగలేదు. చివరి సోమవారాల్లో కథలు డాక్టరమ్మ చెప్పడం లేదు, నర్సమ్మ చెబుతోంది. ప్రశ్నలు అడిగే తీరు డాక్టరమ్మకంటే కఠినం. ఆ టూరులో మా కేంద్రం కింద ఉన్న ఊళ్లలో ఎవరూ డెంగీతో పోలేదు. అదృష్టం అంటారు కొందరు. నేననను. ఎవరు ఏం చేశారో నాకు తెలుసు.

పొద్దున పూట చలి మొదలయ్యాక నా పని అయిపోయింది. సామాను మళ్లీ లెక్క చూసి, అలమారా తాళం నర్సమ్మకిచ్చాను. డాక్టరమ్మ వరండా దాకా వచ్చింది.

"వచ్చే వానలకి మళ్లీ వస్తారా హవల్దారు గారూ?"

"కబురు పెట్టుండ్రి మేడం. ఇంట్లనే ఉంట."

సాయంత్రం నాలుగున్నర బస్సు. కిటికీ పక్కన కూర్చున్నాను. వాగు మీద కొత్త కంకర పోశారు. బస్సు నెమ్మదిగా దాటింది. తండా మొదటి ఇళ్లు రోడ్డుకు దగ్గరగా ఉంటాయి. ఒక ఇంటి మీద సిమెంటు ట్యాంకు, దానికి ఆనించి వెదురు నిచ్చెన. నిచ్చెన మీద సోని. ఇంకా చిక్కి ఉంది, జాకెట్టు వదులుగా వేలాడుతోంది. ట్యాంకు మూత పక్కకు జరిపి, నడుము దాకా లోపలికి వంగి చూస్తోంది. కింద కమిలి. నిచ్చెన కాళ్లు రెండూ రెండు చేతులతో బిగించి పట్టుకుని, తన పాదం అడ్డం పెట్టి, తల వెనక్కి వాల్చి పైకి చూస్తోంది. ఏదో తిడుతోంది కూడా, నోరు కదలడం కనిపించింది. సోని లోపలి నుంచే ఏదో జవాబిస్తున్నట్టుంది.

కండక్టరుని ఆపమని అడగొచ్చు. అడగలేదు. కమిలి నిచ్చెన వదిలి నా వైపు చెయ్యి ఊపడం నాకు ఇష్టం లేదు.

మంచు కొండలు చూశాను. అడవులు చూశాను. టూర్ల గురించి తలచుకుంటే ముందు కళ్లకు కట్టేది అవేవీ కావు. మసకబడుతున్న ఎండలో ఒక వెదురు నిచ్చెన, దాని కాళ్ల దగ్గర తెల్లని గాజుల చేతులు రెండు.